బోరు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి బతికి బయటపడినాడు: ఇంక ఏమేం చూపించాలి, డబ్బాను ఏం చెయ్యాలి?

శెనక్కాయల చేను, నార్పల

అందరికీ నమస్కారం. మా బావకు 38 ఏళ్లు. 12 రోజుల కిందట తెల్లారి త్రీఫేజ్ రాగానే మోటారు వేద్దామని స్టార్టరు డబ్బా తలుపు కుడిచేత్తో పట్టుకున్నాడు. బండ స్తంభానికి బిగించిన ఇనప డబ్బా. కాళ్లకు చెప్పుల్లేవు, నేలంతా బురద. చెయ్యి డబ్బాకే అతుక్కుపోయింది. పక్క చేను పెద్దాయన ఎండిన వేపకట్టెతో చేతిమీద కొట్టి విడిపించినాడు. ఐదారు సెకన్లు పట్టుకునుంటుందని అంచనా. ఒకటి రెండు నిమిషాలు స్పృహ లేదు, ఊపిరి మాత్రం ఆడుతుండింది.

ఆసుపత్రిలో ఒక రాత్రి మానిటర్ మీద పెట్టి, ఈసీజీ రెండుసార్లు తీసి, బాగుందని పంపించినారు. కుడి అరచేతిలో, ఎడమ అరికాలిలో కాలిన గాయాలున్నాయి. ఇప్పుడు చెయ్యి తిమ్మిరిగా ఉంది. రాత్రి నిద్ర లేదు, చెప్పింది మర్చిపోతున్నాడు, ఇంట్లో ఫ్యాను స్విచ్ వెయ్యాలన్నా వెనక్కి తగ్గుతున్నాడు.

మనిషి దక్కినాడు, మాకు అదే పదివేలు. అవ్వ అయితే ఆయన నడిచి తిరుమల కొండెక్కి తలనీలాలు ఇస్తాడని మొక్కుకునింది, ఈ నెలలోనే పోదామంటోంది. నా ప్రశ్నలు ఇవి: ఇంకా ఏమైనా పరీక్షలు చేయించాలా? కొండ నడిచి ఎక్కొచ్చా? డబ్బా చూసిన మెకానిక్ "స్టార్టరు బాగానే ఉంది, చెప్పులేసుకుంటే చాలు" అన్నాడు, అది నిజమేనా? మోటారు 7.5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్, కిట్‌క్యాట్ ఫ్యూజులు (చేత్తో పీకే పింగాణీవి), డబ్బాకు ఒక ఇనప తీగ కట్టి నేలలో గుచ్చినారు. లీకైన కరెంటు నేలలోకి దిగడానికి ఎర్త్ అంటే అదే.


అత్యవసర వార్డు నర్సు, కర్నూలు

అన్నా, ముందుగా మీ బావగారు ఏ దారిలోంచి బయటపడినారో ఇంట్లోవాళ్లకు తెలియాలి. కుడిచెయ్యి నుంచి ఎడమకాలికి పోయిన కరెంటు రొమ్ము మీదుగానే పోతుంది. తడి ఒంటితో బురదలో నిలబడిన మనిషి శరీరం సుమారు 1000 ఓముల నిరోధం ఇస్తుంది. 230 వోల్టులకు లెక్కేస్తే 230 మిల్లీ ఆంపియర్లు. 10 నుంచి 16 మిల్లీ ఆంపియర్లు దాటితేనే వేళ్లు ముడుచుకుపోయి పట్టు వదలదు. 50 నుంచి 100 దగ్గరే గుండె లయ తప్పి వణికే ప్రమాదం మొదలవుతుంది. ఐదారు సెకన్లు పట్టుకున్నా గుండె నిలబడిందంటే, ఆ పెద్దాయన కట్టె ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మాట వేరేగా ఉండేది.

గుండె సంగతి: ఇంటి కరెంటు లాంటి తక్కువ వోల్టేజీ దెబ్బలో లయ తప్పే ప్రమాదం ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే ఉంటుంది. స్పృహ తప్పినవాళ్లను 24 గంటలు మానిటర్ మీద ఉంచేది అందుకే. వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ఈసీజీ బాగుంటే, 12 రోజుల తర్వాత ఉన్నట్టుండి గుండె ఆగిపోతుందన్న భయం పెట్టుకోవద్దు. అయితే గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం, రొమ్ములో నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఈసీజీ తీయించండి.

కండరాల సంగతి: కరెంటు చర్మం మీద చిన్న మచ్చే చేస్తుంది, లోపల కండరాన్ని ఎక్కువ ఉడికిస్తుంది. చచ్చిన కండరంలోని ఎర్రటి పదార్థం మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం దాని గుర్తు. ఆ మొదటి రోజుల్లో మూత్రం రంగు ఎలా ఉండేదో ఆయన్నే అడగండి. సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష ఇప్పుడు పెద్దగా ఏమీ చెప్పదు, అది కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. ఇప్పుడు పనికొచ్చేది మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, దాంతోపాటు మామూలు మూత్ర పరీక్ష. ఆ రిపోర్టు వచ్చేదాకా చేతి నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కొనొద్దు, అవి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. పారాసిటమాల్ వాడొచ్చు. నీళ్లు బాగా తాగాలి. మొక్కు పేరుతో నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు ఇప్పుడు వద్దని అవ్వకు మెల్లగా చెప్పండి.

చెయ్యి: తిమ్మిరి నరానిది. చాలామందిలో వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే నరాల డాక్టరు నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు. నాకు ఎక్కువ దిగులు అరచేతి గాయం గురించి. అరచేతి మచ్చ మానేకొద్దీ బిగుసుకుంటూ వేళ్లను లోపలికి లాగుతుంది. మూడు నెలలకు వేళ్లు పూర్తిగా చాచలేని పరిస్థితి వస్తే పార పట్టలేరు, పాలు పిండలేరు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఈ వారమే తీసుకుపోండి. వేళ్లు చాచే వ్యాయామం రోజుకు నాలుగైదు సార్లు, రాత్రి పడుకునేటప్పుడు వేళ్లు చాచి ఉంచే స్ప్లింటు అవసరమేమో వాళ్లే చెబుతారు. పసుపు, పేస్టు, నాటు ఆకు ఏవీ గాయం మీద వద్దు. ధనుర్వాతం రాకుండా టీటీ సూది వేసినారో లేదో కాగితంలో చూడండి. చీము, వాసన, గాయం అంచులు నల్లబడటం కనిపిస్తే సర్జన్‌కు చూపించాలి.

కొండ విషయంలో అడ్డంకి గుండె కాదు, ఆ ఎడమ అరికాలు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. అదీ చెప్పుల్లేకుండా. కరెంటు బయటికి పోయిన చోట గాయం పైకి కనబడేదానికన్నా లోతుగా ఉంటుంది. కొత్త చర్మం పలచన, పైగా స్పర్శ తక్కువ. బొబ్బ లేచినా తెలియదు. గాయం పూర్తిగా మూసుకుని, అరికాలి మీద దూది రాస్తే తెలిసేంత స్పర్శ తిరిగొచ్చి, డాక్టరు సరేనన్నాకే మెట్లెక్కాలి. ముందు ఇంటి చుట్టూ అరగంట, తర్వాత చేను దాకా, అలా పెంచుకుంటూ పోవాలి. తలనీలాలకు అభ్యంతరం లేదు, తలమీద గాయం లేదు కదా. బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని రమ్మనండి, నడక మొక్కు కాలు బాగయ్యాక తీరుతుంది.

నిద్ర, మతిమరుపు, స్విచ్ అంటే భయం: ఇవి పిరికితనం కాదు. కరెంటు దెబ్బ తిన్నవాళ్లలో తరచూ కనిపించేవే. "బతికినావు కదా, ఇంకేంది" అని ఎవరూ అనకూడదు. బతికినందుకు సంతోషమూ, రాత్రి ఉలిక్కిపడి లేవడమూ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించాలి. 14416 టెలీ మానస్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కళ్లు ఒకసారి ఇప్పుడు చూపించి కాగితం దాచుకోండి. కరెంటు దెబ్బకు శుక్లం నెలల తర్వాత రావచ్చు, తల దగ్గర తగిలినవాళ్లకు ఎక్కువ. ఆరు నెలలకో, ఏడాదికో చూపు మసకబారితే దీని సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి.


వైండింగ్ షాపు, తాడిపత్రి

చెప్పులు చాలన్న మాట తప్పు తమ్ముడూ. చెప్పులేసుకుని ఇంకో చెయ్యి తడి బండ స్తంభానికి ఆనిస్తే కరెంటు చేతి నుంచి చేతికి పోతుంది, గుండె దారిలోనే. డబ్బాకు కరెంటు ఎందుకు వచ్చిందో తేలేదాకా ఎవరూ ఆ డబ్బా ముట్టొద్దు.

"స్టార్టరు బాగానే ఉంది" అంటే మోటారు తిరుగుతోందని అర్థం. ఇనప రేకుకు ఒక ఫేజు (కరెంటు ఉన్న తీగ) తగిలినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఇట్లాంటి డబ్బాల్లో చూడాల్సిన చోట్లు: వైరు లోపలికి పోయే బొక్కకు రబ్బరు గ్లాండు (వైరు చుట్టూ బిగించే తొడుగు) లేక రేకు అంచుకు రాసుకుని ఇన్సులేషన్ తెగడం, కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే భాగం) కింద బేకలైటు ప్లాస్టిక్ పగిలి తేమకు కరెంటు పారే బొగ్గుదారి పట్టడం, బల్లి, చీమలపుట్ట, రిలే దగ్గర టేపు చుట్టిన అతుకు, తర్వాత తగిలించిన ఆటో స్టార్టరు (కరెంటు రాగానే తనే మోటారు వేసేది) వైర్లు. చాలాసార్లు తప్పు ఆ గ్లాండు బొక్క దగ్గరే దొరుకుతుంది.

పని తెలిసిన ఎలక్ట్రీషియన్ పరీక్ష చేసే పద్ధతి చెబుతాను. ఆటో స్టార్టరుంటే మాన్యువల్‌కు తిప్పాలి. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినప్పుడే అది వచ్చి మోటారు లేస్తుంది. ఫ్యూజు తీగ ఉండే క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకోవాలి, డబ్బా మీద పెట్టకూడదు, ఇంకొకరు చూసి పెట్టేస్తారు. కండెన్సరు (కెపాసిటరు) ఉంటే కరెంటు తీసినాక కూడా చార్జి పట్టుకునుంటుంది. పది నిమిషాలు ఆగి, పిడి ఉన్న బల్బు హోల్డరు తీగలు దాని కొనలకు ఆనించి ఖాళీ చెయ్యాలి. రెండు ఫేజుల మధ్య చూసేటప్పుడు బల్బు ఒకటి పెడితే పేలుతుంది, సమాన వాట్లవి రెండు సిరీస్‌లో పెట్టాలి, అక్కడ 415 వోల్టులుంటాయి. నియాన్ టెస్టరును ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎండలో వెలుగు కనపడదు, మందపాటి చెప్పుల మీద నిలబడితే సరిగా వెలగదు. వెలిగితే కరెంటు ఉన్నట్టే, వెలగకపోతే లేదని కాదు.

ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) బోరులోకి పోయే కేబులు మూడు తీగలనూ ఒక్కొక్కటిగా భూమికి కొలవాలి. స్టార్టరు నుంచి విప్పిన తర్వాతే. 1 మెగా ఓము కన్నా తక్కువ వస్తే కేబులు అతుకులోనో మోటారు లోపలో నీళ్లు చేరినట్టు. మోటారు పైకి తియ్యాల్సిందే.

ఇంక మీ ఎర్త్. ఇనప తీగ నేలలో గుచ్చడం ఎర్త్ కాదు. లెక్క చూడండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌కు (కరెంటు తిరిగిపోయే తీగకు) వేసిన ఎర్త్ 5 ఓములు, మీ డబ్బా ఎర్త్ మంచిగానే 20 ఓములు ఉందనుకుందాం. ఫేజు డబ్బాకు తగిలితే పోయే కరెంటు 230 ని 25 తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. మీ ఫ్యూజు తీగ 9 ఆంపియర్లకు ఎగరదు, 7.5 హెచ్‌పీ మోటారే 11 నుంచి 15 దాకా లాగుతుంది. అంటే ఫ్యూజు చల్లగా ఉంటుంది, డబ్బా మీద 184 వోల్టులు నిలబడి ఎదురుచూస్తుంటాయి. నార్పల వైపు ఎర్ర గరుసు నేలలో ఎండాకాలం గుచ్చిన తీగకు 20 ఓములు కలలోని మాట, వందల్లో ఉంటుంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి బాగా వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనే వాళ్లను నమ్మొద్దు. 100 వాట్ల బల్బు నిరోధమే 529 ఓములు. ఎర్త్ 50 ఓములున్నా దానికి 210 వోల్టులు అందుతాయి, ధగధగా వెలుగుతుంది. ఎర్త్ టెస్టరుతోనే కొలవాలి.

గుంత పద్ధతి: 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనప) పైపు, 2.5 మీటర్ల పొడవు. కింది భాగంలో అక్కడక్కడా 12 మిల్లీమీటర్ల బెజ్జాలు. పైపు చుట్టూ అరడుగు బొగ్గుపొడి, రెండంగుళాల గల్లు ఉప్పు, మళ్లీ బొగ్గు, ఇట్లా వరుసలు. పైన గరాటు, దాని మీద జాలీ, చుట్టూ సిమెంటు తొట్టి, మూత. ఎండాకాలం వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పొయ్యాలి. ఉప్పు ఇనుమును తింటుంది, అందుకని ఏటా వానలకు ముందు క్లాంపు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించాలి. నాలుగడుగులకే బండ తగిలితే అడ్డంగా తవ్వి పైపును పడుకోబెట్టొచ్చు, లేదా రెండు మూడు గుంతలు తవ్వి కలపొచ్చు. గుంతకూ గుంతకూ మధ్య పైపు పొడవుకు రెట్టింపు దూరం, అంటే 5 మీటర్లు ఉండాలి. కర్నూలు వైపు నల్లరేగడిలో ఇంకో చిక్కుంది: ఎండకు నేల పగిలి పైపు చుట్టూ సందు పడుతుంది. అక్కడ నీళ్లు ఇంకా ముఖ్యం.

డబ్బాకు రెండు వేరువేరు చోట్ల నుంచి రెండు 8 గేజీ జీఐ తీగలు రావాలి. త్రీఫేజ్ సామానుకు రెండు ఎర్తులు నిబంధన కూడా. ఇనప కేసింగునూ డెలివరీ పైపునూ దీనికే కలపండి, కానీ కేసింగొక్కటే చాలని ఆగొద్దు. న్యూట్రల్‌ను డబ్బాకు కట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యనియ్యొద్దు. న్యూట్రల్ తెగిన రోజు డబ్బా మొత్తం ఫేజు అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కోసేసే స్విచ్. నాలుగు పోళ్లది, 40 ఆంపియర్లు మోసేది, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకు పడిపోయేది. స్టార్టరుకు ముందు వేరే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. మనిషి గుండా భారీగా లీకైతే 40 మిల్లీసెకన్లలో కోసేస్తుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే, షార్టైతే పడే స్విచ్) ఈ పని చెయ్యదు, చాలామంది రెంటినీ ఒకటనుకుంటారు. న్యూట్రల్ తీగ ఇవ్వకపోతే చాలా మోడళ్లలో టెస్ట్ బటన్ పనిచెయ్యదు, అది కూడా కలిపించండి. నెలకొకసారి ఆ బటన్ నొక్కాలి. ఇనప డబ్బా బదులు ఫైబరు డబ్బా, ముందు ఎత్తు కట్టిన పొడి అరుగు, పైన రేకు ఉంటే ఇంకా మంచిది.


ఎల్‌టీ లైను పని, ప్రొద్దుటూరు

పై ఇద్దరూ చెప్పినదాంట్లో మార్చేదేం లేదు. రెండు సంగతులు కలుపుతాను.

ట్రాన్స్‌ఫార్మరు కాడి ఎర్త్ గుంతలు కూడా చూపించండి. న్యూట్రల్‌కు కట్టిన తీగ తెగి వేలాడుతుంటే మీ చేలో ఎంత మంచి గుంత తవ్వినా ఫ్యూజు ఎగరదు. ఇది విద్యుత్ సంస్థ పని, మీరు ముట్టొద్దు. 1912 కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, సచివాలయం ఎనర్జీ అసిస్టెంటుకు కూడా చెప్పండి. ప్రమాదం జరిగిందని సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ దగ్గర పెట్టుకోండి. విద్యుత్ చట్టం 2003 లోని 161వ సెక్షన్ ప్రకారం గాయపడిన కేసు కూడా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియాలి. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయిందని ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే లైనును ఆపేది) లాగి మీరే పైకెక్కొద్దు. దాని మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా అతుక్కునుంటే పైన 11 వేల వోల్టులు అలాగే ఉంటాయి. లైన్ క్లియర్ (లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకున్న సిబ్బంది తప్ప ఎవరూ చెయ్యకూడని పని అది.

రెండోది ఆ పెద్దాయన చేసింది. మనిషిని ముట్టకుండా ఎండుకట్టె వాడటం సరైన పని. పచ్చికట్టె అయ్యుంటే, తడిసి ఉంటే, ఇద్దరూ పోయేవాళ్లు. ఇంకా మంచిది దూరంలో ఉన్న మెయిన్ లాగడం. కట్టె ఉపాయం మోటారు దగ్గరి కరెంటుకే. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ తెగి పడితే ఎండుకట్టె కూడా పనికిరాదు, కనీసం 10 మీటర్ల దూరంలో ఆగి ఫోన్ చెయ్యాలి. అప్పటికే దగ్గరుంటే పాదాలు ఎత్తకుండా ఆనించి జరుపుకుంటూ వెనక్కి రావాలి. రెండు కాళ్ల మధ్య దూరం పెరిగితే కరెంటు ఒక కాలెక్కి ఇంకో కాలు దిగుతుంది.

మీ బావకు ఊపిరి ఉండింది. లేకపోయుంటే ఏం చెయ్యాలో ఇంట్లో ప్రతి ఒక్కరూ ఇప్పుడే నేర్చుకోండి. కరెంటు తీసినాక 108 కు ఫోన్. రొమ్ము నడుమ రెండు చేతులు పెట్టి 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేటట్టు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కడమైనా ఆపొద్దు. కరెంటు దెబ్బకు ఆగిన గుండె చాలాసార్లు ఆరోగ్యంగా ఉన్న గుండె, అందుకే అంబులెన్సు వచ్చేదాకా వదలకూడదు. ఒంటిని ఇసకలోనో మట్టిలోనో పూడిస్తే కరెంటు దిగిపోతుందని కొన్ని ఊళ్లల్లో చేస్తారు. ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఆ పది నిమిషాలు ప్రాణం నిలబెట్టే నిమిషాలు.


శెనక్కాయల చేను, నార్పల

అందరికీ చేతులెత్తి దండం. గ్లాండు బొక్క దగ్గరే తీగ తెగి ఉంది, ఫోటో తీసినాం. రేపు క్రియాటినిన్‌కు, ఫిజియోథెరపీకి పోతున్నాం. అవ్వ బస్సుకు ఒప్పుకునింది. రెండు అడగాలి. 30 మిల్లీ ఆంపియర్లది పెడితే మోటారు వేసినప్పుడల్లా పడిపోతుంది, 300 ది పెట్టుకోమని ఒకరన్నారు. ఇంకోటి, పక్క చేను పెద్దాయనకు ఏమివ్వాలా అని ఇంట్లో ఒకటే మాట. డబ్బు ఇస్తే తీసుకోడు.


వైండింగ్ షాపు, తాడిపత్రి

300 ది మంటల నుంచి కాపాడుతుంది, మనిషిని కాదు. 30 ది పడిపోతుంటే ముందు మోటారు కేబులు విప్పి చూడు. అప్పుడు నిలబడితే లీకు కేబులులోనో మోటారులోనో ఉంది, మెగ్గరు పెట్టి అతుకు బాగు చేయించు. బోరు బాగా లోతై, అంతా బాగున్నా పడుతుంటే, మోటారు లైనుకు 100 ది పెట్టి, డబ్బాను ఫైబరుదిగా మార్చి, ఎర్త్ 5 ఓములకు దగ్గరగా తేవాలి. అంతేగానీ ఆర్‌సీసీబీని దాటేసి తీగ కలపొద్దు.

పెద్దాయన స్టార్టరు కూడా అదే ట్రాన్స్‌ఫార్మరు కింద, అదే ఇనప డబ్బాతో ఉంటుంది కదా. గుంత తవ్వే మనుషులు, బొగ్గు, ఉప్పు ఎట్లాగూ తెప్పిస్తావు. పైపులు రెండు అదనంగా కొని ఆయన డబ్బాకూ వేయించు. గ్లాండు చిన్న వస్తువే, ఆయన డబ్బా బొక్కకు కూడా ఒకటి పెట్టించు. ఆర్‌సీసీబీ ఆయన పేరున కొనిపెడితే వద్దనడు.


శెనక్కాయల చేను, నార్పల

అట్లనే చేస్తాం అన్నా. బావ కూడా వస్తానన్నాడు, గుంత తవ్వడానికి కాదులే, మెగ్గరు ముల్లు చూడటానికి. పెద్దాయన డబ్బా ఎర్త్ ఎంత వచ్చిందో కొలిచి ఇక్కడే పెడతాను.